పెద్దమ్మ మిద్దె మీది ట్యాంకు మూత

ఇనుమును భూమి కడుపులో దాచి, దాన్ని కరిగించే నిప్పును మనిషి చేతికిచ్చిన దేవునికి స్తోత్రం. ఏ మూతా లేకుండానే మేఘాల్లో నీళ్లను పట్టి నిలిపి, తగిన కాలంలో నేల మీదికి వంచే ఆయన నామానికి మహిమ. బతుకంతా రేకులు కోసి, అతికి, రుద్దిన నావంటి వాడికి ఈ వయసులో కూడా కంటిచూపు మిగిల్చినందుకు, పది వేళ్లూ నిలిపినందుకు ఆయనకు వందనాలు.

మా సంఘంలోని యౌవనస్థులు కొంతకాలంగా నా వెంటపడుతున్నారు. “తాతా, నీ పని అనుభవం ఒకటి రాసియ్యి” అంటారు. వాళ్లలో కొందరు వెల్డింగ్ నేర్చుకుంటున్నారు కూడా. తిరుమల కొండ కింద సత్రాలకు చేసిన పెద్ద గేట్ల గురించో, బండి మీద ఎక్కించడానికి క్రేను తెప్పించిన మెట్ల గురించో రాస్తాననుకుంటున్నారేమో. నేను ఒక మూత గురించి రాస్తాను. రెండు చేతులు చాపితే పట్టేంత మూత. దాని ముందు నేను చేసిన గేట్లన్నీ నాకు చిన్నవిగా కనిపిస్తాయి.

మా షాపు తిరుపతిలో రేణిగుంట రోడ్డు పక్కన ఉండేది. గేట్లు, కిటికీ గ్రిల్సు, మెట్ల రెయిలింగులు, నీళ్ల ట్యాంకుల మూతలు చేసేవాళ్లం. యజమాని మంచి మనిషి. ఏటా అలిపిరి నుంచి కాలినడకన కొండెక్కే భక్తుడు. నా భక్తి వేరని తెలిసీ, ఒక్క ఆదివారం ఉదయం కూడా నన్ను పనికి పిలవలేదు. షాపులో అందరికంటే పాతవాణ్ణి నేను. ఆయన పుత్తూరు రోడ్డులో రెండో షెడ్డు వేయాలనుకున్నాడు. అది తాను చూసుకుంటాడట, పాత షాపు ఒక పెద్దమేస్త్రి చేతికి అప్పగిస్తాడట. ఆ పెద్దమేస్త్రి నేనేనని షాపులో అందరూ అనుకున్నారు. అందరికంటే ఎక్కువగా నేను అనుకున్నాను.

అప్పుడు వచ్చాడు నగరి నుంచి ఒకాయన. ముప్పై దాటిన మనిషి, మగ్గాల కుటుంబం. మగ్గం తనకు పట్టుబడలేదని మద్రాసు పోయి, హోటళ్ల వంటగదుల్లో స్టీలు బల్లలు చేసే చోట ఆర్గాన్ వెల్డింగ్ నేర్చుకున్నాడు. ఆయన అతుకు వేస్తే చీమల బారు నడిచినట్టు ఉండేది. మేము గ్రైండర్ పెట్టి అరగంట రుద్దితే గానీ కనబడని నునుపు ఆయనకు ముందే వచ్చేది. అంతవరకు సరే. చేతిపని దేవుడిచ్చే వరం, ఎవరికిచ్చినా ఆయన ఇష్టం అని నేను నలుగురికీ బోధించినవాణ్ణే.

కానీ ఆయన మా సంఘానికే వచ్చాడు. వచ్చిన మొదటి ఆదివారమే పాడాడు. మా పాస్టరు అయ్యగారు కళ్లు మూసుకొని విన్నారు. నేను ఏళ్ల తరబడి తెల్లవారకముందే వెళ్లి చాపలు పరిచినవాణ్ణి, మైకు సరిచేసినవాణ్ణి, వాక్యం చదవడానికి ఎవరూ లేకపోతే లేచి చదివినవాణ్ణి. నా గొంతు విని ఎవరూ కళ్లు మూసుకోలేదు. ఆ రోజు ఇంటికి వస్తూ నా భార్య, “ఎంత బాగా పాడినాడో గదా ఆ నగరి తమ్ముడు” అన్నది. నేను అడుగుల వేగం పెంచాను. ఆమెకు నా నడక చాలు. “ఏంది, అప్పుడే పుండు మీద కారం పడిందా?” అన్నది.

షాపులో టీ వచ్చేది. తన కుర్చీ పక్కన ఎవరుంటే యజమాని వాళ్ల చేతికి మొదటి గ్లాసు ఇచ్చేవాడు. పూర్వం ఆ పక్కన నేనుండేవాణ్ణి. ఇప్పుడు నగరి ఆయన ఉంటున్నాడు. మొదటి గ్లాసు చేరే చేతిని చూడకూడదని తల తిప్పుకునేవాణ్ణి, మళ్లీ చూసేవాణ్ణి. నవ్వకండి తమ్ముళ్లారా. గ్లాసు టీ ఎంత వేడిగా ఉంటుందో తాగనివాడికే ఎక్కువ తెలుస్తుంది.

ఇక మూత సంగతి. చంద్రగిరిలో యజమాని అత్తగారు ఉండేది. ఆమెను అందరూ పెద్దమ్మ అనేవాళ్లు. పెద్ద ఇల్లు, పెద్ద నోరు. మిద్దె మీద సిమెంటు ట్యాంకు, దానికి పాత ఇనప మూత. రంగు మీద రంగు పూసినా మూత అడుగున తుప్పు పొరలుగా లేచి నీళ్లలో రాలుతోంది. ఒకరోజు పెద్దమ్మ ఇత్తడి చెంబుతో షాపుకే వచ్చేసింది. చెంబు అడుగున ఎర్రటి రేణువులు.

“ఏమయ్యా అల్లుడా, ఊరందరికీ గేట్లు సేస్తావు, అత్తకు తుప్పు తాపిస్తావా? ఇవి తాగి తాగి నా కడుపులో గునపం తయారైతాంది, సూడు!”

యజమాని లేచి నిలబడ్డాడు. ఊళ్లో ఎవరికీ భయపడని మనిషి ఆమెకు భయపడేవాడు. ఆమె వెళ్లాక నన్నూ నగరి ఆయన్నూ పిలిచి, “ఇద్దురూ పోయి సూసి రాండప్పా. ఆమె నోరు మూయించే మూత సెయ్యల్ల. ఆమె మెచ్చుకుంటే ఇంట్లో నాకు శాంతి. కొత్త షెడ్డు లేసేలోపల ఈ షాపు పెద్దమేస్త్రి సంగతి కూడా తేల్చేస్తా” అన్నాడు. ఆ చివరి మాట మా ఇద్దరిలో ఎవరిని చూసి అన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు రాత్రి మాత్రం నన్ను చూసే అన్నాడనుకొని పడుకున్నాను.

మిద్దె ఎక్కి చూశాం. అక్కడ మీకు పనికొచ్చే విషయం ఒకటుంది, కాబట్టి చెబుతాను. బోరు నీళ్లు ఉప్పగా ఉన్నాయి. పెద్దమ్మకు శుభ్రం ఎక్కువ, ట్యాంకులో బ్లీచింగ్ పొడి దండిగా వేయిస్తుంది. మధ్యాహ్నం ఎండకు ఆ ఉప్పూ ఆ మందూ కలిసిన ఆవిరి పైకి లేచి, మూత అడుగున చెమటలా పట్టుకుంటుంది. ఆరుతుంది, మళ్లీ పడుతుంది. ఆ చెమటే అసలు శత్రువు. ఇనుము దానికి ఆగదు. జస్తా, అంటే జింకు, పూసిన జీఐ రేకు కొన్నాళ్లు ఆగి పూత పోయాక ఇనుమే అవుతుంది. అల్యూమినియం తేలిక, కానీ తడి సిమెంటును ఆనుకొని ఉంటే దాన్ని సిమెంటే తినేస్తుంది. మిగిలింది స్టీలు. స్టీలు అన్నంత మాత్రాన అన్నీ ఒక తల్లి బిడ్డలు కావు. రెయిలింగులకు వాడే చవక రకం ఒకటి, వంట పాత్రల రకం ఒకటి, ఉప్పునీళ్లకూ మందులకూ ఆగే రకం ఒకటి. షాపులో వాటిని వరసగా టూ నాట్ టూ, త్రీ నాట్ ఫోర్, త్రీ వన్ సిక్స్ అంటాం. మెరుపులో మూడూ ఒకటే.

మా షాపులో ఒక అలవాటుండేది. పాడైపోయిన స్పీకరు లోపలి అయస్కాంతం ముక్క అందరి జేబుల్లోనూ ఉండేది. రేకు మీద పెట్టినప్పుడు అంటుకుంటే ఇనుము, జారిపోతే అసలు స్టీలు. మా గురువుల నుంచి వచ్చిన పరీక్ష అది. దాని మీద ఎంత నమ్మకమంటే, దుకాణదారుతో బేరం తెగకపోతే మేము మాట్లాడటం మానేసి జేబులోంచి అయస్కాంతం తీసేవాళ్లం. కానీ అది చవక స్టీలు మీద కూడా జారిపోతుందని లాడ్జిల పనుల్లో నాకు తెలిసింది. బాత్రూములు మందు పోసి కడిగే చోట, అయస్కాంతం అంటని స్టీలు గొట్టాల మీదే గోధుమరంగు మచ్చలు తేలడం చూశాను.

షాపుకు వచ్చాక, మూలన మిగిలి ఉన్న రేకుతోనే మూత చేద్దామని మాట వస్తే, యజమాని ముందు, అందరి ముందు చెప్పాను.

“అన్నా, రెయిలింగులకు మిగిలిన రేకు దీనికి పనికిరాదు. ఆ ఆవిరికి అది నిలవదు. త్రీ వన్ సిక్స్ తెప్పించల్ల.”

అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది! ఆగలేదు. “నిన్న మొన్న వొచ్చినోళ్లకు వంటింటి బల్లలు తెల్సు గానీ, నీళ్ల సంగతి ఏం తెల్సు?” అన్నాను.

 వెనక ఎవరో కిసుక్కుమన్నారు. నగరి ఆయన కోపం తెచ్చుకోలేదు. మెల్లగా రేకు దగ్గరికి వెళ్లి, “అన్నా, ఈ రేకు మంచిదేన్నా. మాగ్నెట్ పెట్టి సూడు” అన్నాడు. పెట్టాడు. అది సర్రున జారి నేల మీద పడి దొర్లింది.

“ఆమా, అవును, అసలు స్టీలే గదా!” అన్నాడు గ్రైండర్ మనిషి.

యజమాని నా భుజం మీద చెయ్యి వేశాడు. “నీకు ఆ తమ్ముడంటే కడుపుమంటప్పా. రేకు మీద పడబాకు.” అందరూ నవ్వారు. నగరి ఆయన ఒక్కడే నవ్వలేదు. అదీ నాకు మండింది.

నేను చెప్పింది నిజం. కానీ ఆ నిజంలో నా అసూయ కలిసిపోయింది. విన్నవాళ్లకు అసూయ వినబడింది, నిజం వినబడలేదు. అన్ని ఏళ్లు ప్రసంగాలు విన్నవాణ్ణి, మాట కన్నా మాట వెనక మనసే ముందు చేరుతుందని ఆ రోజు ఒక రేకు ముక్క ముందు నేర్చుకున్నాను.

ఆ రేకుతోనే, నగరి ఆయన చేతుల మీదుగా మూత తయారైంది. దాన్ని మిద్దె మీద బిగించిన రోజు సూర్యుడు ఇంకొకడు దిగినట్టుంది. పెద్దమ్మ వంగి అందులో తన ముఖం చూసుకొని, కొప్పు సర్దుకుంది. “ఇదిరా మూతంటే! యా ఊరు నాయనా నీది? నగరా? మీ అమ్మ ఏం తిని కనిందో!” కింద అరుగు మీద సంగటి, నాటుకోడి పులుసు పెట్టింది. నాకూ పెట్టింది. గరిటె ముందు ఆయన ఆకులోకి వంగి, తరవాత నా ఆకు మీదికి వచ్చింది. ముక్కలు ఆయనకు, పులుసు నాకు పడినట్టు తోచింది. నిజానికి సమానంగానే పడ్డాయేమో, నా కళ్లు అప్పటికి సమానం చూసే స్థితిలో లేవు.

ఆ ఆదివారం ఆయన సంఘంలో సాక్ష్యం చెప్పాడు. కొత్త ఊళ్లో దేవుడు తనను పెద్దల దయకు పాత్రుణ్ణి చేశాడని. “హల్లెలూయా” అన్నారు అందరూ. నేనూ అన్నాను, పెదవులతో.

తరవాతి నెలలు నేను ఎలా గడిపానో దేవునికి తెలుసు. చంద్రగిరి వైపు ఏ చిన్న పని ఉన్నా నేను పోతానని ముందుకు దూకేవాణ్ణి. పెద్దమ్మ గేటు గొళ్లెం చూసే నెపంతో మిద్దె ఎక్కేవాణ్ణి. మూత పైభాగం తళతళలాడుతుండేది. తాళం వేసి ఉండేది కాబట్టి అడుగు కనబడేది కాదు. ఉసూరుమంటూ దిగేవాణ్ణి. “ప్రభువా, దాన్ని తుప్పు పట్టించు” అని నేను ఎన్నడూ నోరు తెరిచి ప్రార్థించలేదు. “నీ చిత్తమే జరుగును గాక” అన్నాను. అనేటప్పుడు ఆయన చిత్తం ఏమై ఉండాలో మాత్రం నా మనసులో స్పష్టంగా ఉండేది.

ఎండాకాలం దాటి తొలకరి పడ్డాక పెద్దమ్మ ఫోన్ చేసింది. అల్లుణ్ణీ, “ఆ ఇద్దుర్నీ” వెంటనే రమ్మంది. ఫోన్‌లో గొంతు నాకు కూడా వినబడింది. నేను ఉతికిన చొక్కా వేసుకొని బయలుదేరాను. దారి పొడుగునా ఏం చెప్పాలో మనసులో కుదుర్చుకున్నాను. “నేను ఆ రోజే చెప్పినా గదన్నా” అనాలి, అంతే. గట్టిగా కాదు. జాలిగా అనాలి. జాలిగా అంటే ఎక్కువ దిగుతుంది.

మిద్దె మీద నలుగురం. పెద్దమ్మ తాళం తీసింది. యజమాని మూత ఎత్తి వెల్లకిల తిప్పాడు. పైన అద్దం, కింద కుష్ఠు. అడుగంతా గోధుమరంగు చారలు, అతుకుల వెంబడి సూది మొనంత బెజ్జాలు. ఒక చుక్క ఎర్రగా జారి యజమాని తెల్ల పంచె మీద పడింది.

పెద్దమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. “ఏందిది? ముందు తుప్పు కనపడతా రాల్తాండె, ఇప్పుడు సోకు సేసుకోని రాల్తాండాది!”

నేను గొంతు సవరించుకున్నాను. ఆ సవరించుకోవడమే నా పొరపాటు. నగరి ఆయన ముందే మాట్లాడాడు.

“తప్పు నాది పెద్దమ్మా. అన్న ఆ రోజే సెప్పినాడు, ఈ రేకు ఆగదని. నేను మాగ్నెట్‌ను నమ్మినా, అన్నను నమ్మలా. కొత్త మూత నేను సేసిస్తా. రేకు మాత్రం అన్న ఎంచల్ల.”

నా వాక్యం నా నోట్లోనే ఉండిపోయింది. దాన్ని ఆయన తీసుకొని, నాకంటే మర్యాదగా, నాకంటే నిండుగా చెప్పేశాడు. ఇక నాకు చెప్పడానికి ఏం మిగిలింది?

పెద్దమ్మ ఆయన వైపు తిరిగింది. ఆమె చేతులు నడుం మీది నుంచి జారాయి. “తప్పు నాదన్న మొగోణ్ణి ఈ మిద్దె మీద ఇప్పుడే సూస్తాండా. మీ మామ సచ్చేదాకా ఒక్కసారి అన్లేదు. ఏమయ్యా అల్లుడా, నువ్వెప్పుడైనా అన్నేవా?” యజమాని పంచె మీది మరక చూసుకుంటున్నాడు. “రా నాయనా, కిందికి రా, ముందు కడుపుకింత తిను” అని ఆమె నగరి ఆయన చెయ్యి పట్టుకొని మెట్లు దిగింది. యజమాని వాళ్ల వెనక దిగబోతూ నా వైపు తిరిగాడు.

“నువ్వు సెప్పిందే నిజమప్పా. పని నీకు తెల్సినంత ఎవురికీ తెల్దు. కానీ మనుషుల్ని నడిపేటోడు ఇట్ల ఉండల్ల. షాపు ఆ తమ్ముడి సేతికి ఇస్తాండా. నువ్వు పక్కనుండి సూసుకో.”

చెప్పాల్సింది చెప్పి దిగిపోయాడు.

నేను మిద్దె మీద మిగిలాను. పక్కన వెల్లకిల పడిన మూత. ప్రభువు చెప్పిన ఇద్దరు కొడుకుల కథ మీకు తెలుసు. తప్పు చేసి వచ్చిన చిన్నవాడికి విందు, తప్పు చేయని పెద్దవాడికి గుమ్మం బయట ఎండ. ఆ కథ మీద నేను ఎన్నోసార్లు వాక్యం చెప్పాను. ప్రతిసారీ పెద్దకొడుకును మందలించాను. ఆ రోజు మాత్రం అతడు ఎంత ఎండలో నిలబడ్డాడో తెలిసింది. కింద నవ్వులు వినబడుతున్నాయి. సంగటి వాసన మెట్ల మీదుగా వస్తోంది.

కాసేపటికి మెట్ల మీద అడుగులు. నగరి ఆయనే. ఎంగిలి చెయ్యి పక్కకు పట్టుకొని ఉన్నాడు.

“అన్నా, దిగి రా. సంగటి సల్లారిపోతాది.”

“మాగ్నెట్ యాడో పడిపోయింది, ఎతుకుతాండా” అన్నాను. అది నా జేబులోనే ఉంది.

ఆయన నమ్మాడు. వంగి, ఎడమచేత్తో ట్యాంకు చుట్టూ వెతకడం మొదలుపెట్టాడు. ఆ మనిషి అలాంటివాడు. ఇలాంటివాణ్ణి చూసి అసూయపడటం ఎంత కష్టమో మీకు ఎలా చెప్పను? పట్టుకోవడానికి ఒక్క పిడి కూడా ఇవ్వడు. చివరికి నేనే, “దొరికిందిలే పా” అని దిగాను.

కొత్త మూత ఇద్దరం కలిసి చేశాం. త్రీ వన్ సిక్స్ రేకు తెప్పించాం. అయస్కాంతాన్ని నమ్మకుండా, రేకు రకాన్ని రంగుతో చెప్పే మందు చుక్క వేసి చూసుకున్నాం. మడత బందులు, బోల్టులు కూడా అదే రకం. తడిలో చవక లోహం మేలు లోహాన్ని ఆనుకొని ఉంటే, తరిగిపోయేది చవకదే. ఆ సంగతి ఆయనకు వివరించేటప్పుడు నేను ఆయన ముఖం చూడలేదు. అతుకుల మీద వేడికి పట్టిన రంగును ఆయన శుభ్రంగా తీసేశాడు. అది ఉంటే తుప్పు అక్కడే మొదలవుతుంది. మూత అడుగున ఆవిరి ఆగకుండా పక్కన సన్నటి జల్లెడ కిటికీ పెట్టాం. సిమెంటు అంచు మీద రబ్బరు పరిచాం. ఆ మూత నేటికీ ఉంది. పెద్దమ్మ లేదు.

నేను పని మానేదాకా ఆయన కిందే చేశాను. ఎన్నడూ నన్ను పేరు పెట్టి పిలవలేదు, అన్నా అనే పిలిచాడు. రేకు ఎంచే పని వస్తే షాపంతా వినేలా “అన్నను అడగండి” అనేవాడు. టీ మొదటి గ్లాసు నాకే పంపేవాడు. నేను తాగేవాణ్ణి. అసూయ పోయిందని రాస్తే ఈ సాక్ష్యం బాగుండేది. కానీ సాక్ష్యంలో అబద్ధం ఉండకూడదు. అది పోలేదు. సంఘంలో ఆయన పాట ఎత్తుకుంటే మొదటి చరణం దాకా నేను ఇప్పటికీ మైకు తీగ సర్దుతూనే ఉంటాను. రెండో చరణానికి కళ్లు మూసుకుంటాను. అంతవరకు వచ్చాను.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, ఆయన తిరుపతి శివార్లలో ఇల్లు కట్టుకున్నాడు. మిద్దె ఇల్లు, పైన ట్యాంకు. నా దగ్గరికి వచ్చి, “అన్నా, మూతకు రేకు నువ్వే ఎంచల్ల. గృహప్రవేశం నాడు ట్యాంకు కాడ మొదటి నీళ్లకు ప్రార్థన నువ్వే సెయ్యల్ల” అన్నాడు. “అయ్యగారున్నారు గదా” అన్నాను. “అయ్యగారు ఇంట్లో సేస్తారు. నీళ్ల కాడ నువ్వే” అన్నాడు.

రేకు ఎంచాను. మందు చుక్క వేసి, నమ్మకం చాలక మళ్లీ వేసి చూశాను. నిఖార్సైన రేకు. మా ఇంటి ట్యాంకు మీద మాత్రం ఇప్పటికీ ప్లాస్టిక్ మూతే ఉంది, దాని మీద గాలికి ఎగరకుండా రాయి. నా భార్య ఆ రాయిని చూపించి నవ్వుతుంది.

వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక గృహప్రవేశం. నేను ఆ మెట్లెక్కాలి. మరొకడి ఇంటిని, మరొకడి నీళ్లను నిండు మనసుతో దీవించాలి. రేకు ఎంచినంత సులువు కాదది. తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, మీరు ఎక్కడున్నా ఒక్క నిమిషం తల వంచి నాతో కలిసి ఈ మాటలు అనండి.

ప్రభువా, ఆ ఇంట్లో నీళ్లు ఇంకనివ్వకు. ఆ ఇంటి పిల్లల దాహానికి ఎన్నడూ ఎర్ర రేణువు రానివ్వకు. పాట నీవే ఇచ్చావు, చేతిపని నీవే ఇచ్చావు, ఎవరికివ్వాలో నీకే తెలుసు. పైన మెరిసి అడుగున చెడిన ఈ మూతను కూడా నీవే తిప్పి చూడు, రుద్దు, నొప్పి పుట్టినా ఆపకు. మిద్దె మీద నిలబడిపోయిన ముసలివాణ్ణి మళ్లీ ఒకసారి కిందికి పిలువు.

ఆమేన్ మాత్రం మీరు గట్టిగా అనండి. నాది కొంచెం సన్నగా వచ్చినా, మీ గొంతుల్లో కలిసిపోతుంది.